వేరే సైట్లు లింక్ ఇవ్వాలంటే ఏం రాయాలి?

ప్రశ్న: సైట్‌లో ఆర్టికల్స్ బానే పెడుతున్నా, చదివేవాళ్లూ ఉన్నారు, కానీ ఒక్కళ్లూ లింక్ ఇవ్వట్లేదు. లింకులు కొనేస్తే పోలా?

జవాబు: వద్దండీ బాబూ. 2012లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ (సెర్చ్‌లో సైట్లకి ర్యాంక్ ఇచ్చే పద్ధతిలో మార్పు) తెచ్చింది, లింకులు కొని సెర్చ్‌లో పైకి రావాలనుకునే ఇలాంటి వేషాలు పట్టుకోడానికే.

జవాబు: అసలు ఎవరైనా లింక్ ఎందుకిస్తారు, వాళ్లు రాసేదానికి ఆధారం కావాలి కాబట్టి. అందరూ రాసిన చిట్కాలే మళ్లీ రాస్తే ఎవరిక్కావాలి? మీరే సర్వే చేసి తీసిన లెక్కలు, చిన్న కాలిక్యులేటర్, ఇంకెక్కడా దొరకని చార్ట్, ఇలాంటివైతే అడక్కుండానే ఇస్తారు (అందరూ ఇవ్వరులెండి, కొందరు కాపీ కొట్టేస్తారు). ఏటా అప్‌డేట్ చేసినా యూఆర్‌ఎల్ (పేజీ వెబ్ అడ్రస్) మాత్రం మార్చకండి, మారిస్తే పాతదాన్నుంచి రీడైరెక్ట్ (పాత అడ్రస్ నొక్కినా కొత్త పేజీకే వెళ్లే ఏర్పాటు) పెట్టాలి, లేదంటే వచ్చిన లింకులు వేస్ట్.

జవాబు: షేర్లు వేరు, లింకులు వేరు. నవ్వించే పోస్ట్ వాట్సాప్‌లో తెగ తిరుగుద్ది, లింకులు మాత్రం రావు.