అప్‌డేట్: సెకండ్ బ్రాంచ్ పెట్టలేదు, సున్నిపిండి సంగతి మాత్రం చెప్పాలి

గుంటూర్లో నా పార్లర్‌కి రెండో బ్రాంచ్ పెట్టాలా, లేక ఇంట్లో చేసే సున్నిపిండి అమ్మాలా అని అడిగా కదా. బ్రాంచ్ వద్దన్నారు చాలామంది, విన్నా, బతికిపోయా. ఆషాఢం రాగానే బ్రైడల్ బుకింగ్స్ సున్నా, మూఢం పడితే మళ్ళీ అంతే, అద్దెకి మాత్రం మూఢం ఉండదుగా.

ఇక సున్నిపిండి. మొదటి బ్యాచ్ 40 కిలోలు, వానల్లో ఆడించా, పెసలు చేతికి ఎండినట్టే తగిలాయి కానీ లోపల తడి ఉందన్నమాట, పైగా మర నుంచి వేడివేడిగా తెచ్చి అలాగే ప్యాక్ చేసేశాం, చెమ్మ పట్టి మూడు వారాలకే పురుగు. 11 మందికి డబ్బులు వెనక్కిచ్చా. అందులో కలిపే కచ్చూరాలు, బావంచాలు లాంటి మూలికలు కొన్న ఖర్చు రాసుకున్నా గానీ అమ్మా నేనూ రాత్రిళ్ళు కూర్చున్న కూలి లెక్కే వేయలేదు, అది వేస్తే ప్యాకెట్‌కి నాకు మిగిలింది 6 రూపాయలు!

అమ్మడానికి చేస్తే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్స్ ఉండాలి అని ఒకరు చెప్పారు, అప్పుడు భయపెడుతున్నారని కోపమొచ్చింది, సారీ అండీ, మీరే కరెక్ట్. అమ్మకం ఆపేశా. సున్నిపిండి చేయించుకోవడానికి లైసెన్స్ ఉన్న ఒక యూనిట్ వాళ్ళతో మాట్లాడుతున్నా, వాళ్ళు కనీసం 100 కిలోలు అంటున్నారు, నేను 50 దగ్గర ఆగా. బేరం కుదిరితే మళ్ళీ రాస్తా.