4కె మానిటర్‌లో అక్షరాలు మసకగా వస్తున్నాయి, ఏం చేయాలి?

తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర పెళ్లిపత్రికల డీటీపీ చేస్తాను. 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నాను. 3840×2160 రిజల్యూషన్‌లో మెనూలు చీమల్లా ఉన్నాయి. విండోస్ స్కేలింగ్ (అన్నీ పెద్దగా చూపే సెట్టింగ్) 150 శాతం పెడితే బ్రౌజర్ బాగుంది కానీ, పాత పేజీ డిజైన్ ప్రోగ్రాములో అక్షరాలు మసకబారాయి. మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. ఒత్తులు సరిగా కనిపించకపోతే వధువు పేరే తప్పుగా అచ్చవుతుంది, ఆ ఇంటివాళ్లకు ఏం సమాధానం చెప్పాలి? శ్రావణ ముహూర్తాలు దగ్గరపడ్డాయి, దయచేసి చెప్పండి.

చిత్తూరు నుంచి, కంప్యూటర్ మరమ్మతులు చేస్తాను:
మౌస్ ఆగి ఆగి కదులుతోందంటే, ముందు రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) చూడండి. మానిటర్ కనెక్షన్ హెచ్‌డీఎమ్‌ఐ 1.4 రకం అయితే 4కెలో 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. 60 కావాలంటే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ రెండింటిలో కనీసం హెచ్‌డీఎమ్‌ఐ 2.0 ఉండాలి. డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కు మరో రకం కనెక్షన్) ఉంటే అదే వాడండి. కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారా?

మరో డీటీపీ ఆపరేటర్:
మసకకు కార్డు కారణం కాదండీ. పాత ప్రోగ్రాముకు స్కేలింగ్ తెలియదు, అందుకే విండోస్ దాని బొమ్మను సాగదీసి చూపిస్తుంది. ప్రోగ్రాము గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌లో ‘అప్లికేషన్’ ఎంచుకోండి. అక్షరాలు పదునుగా వస్తాయి, మెనూలు మాత్రం చిన్నవవుతాయి. రిజల్యూషన్ మాత్రం తగ్గించకండి. ప్రూఫు చూసేవారికి ఆ పిక్సెళ్లే ప్రాణం.

అడిగినవారు:
కేబుల్ కార్డుకే ఉంది, కానీ రేటు 30 హెర్ట్జే! డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చగానే 60 వచ్చింది. ‘జ్యోత్స్న’లో ఒత్తులన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. మెనూల కోసం కాస్త ముందుకు వంగాలి, పర్వాలేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు.