బ్లాక్ హాక్ డౌన్‌లో ఆ గజిబిజి గొప్పా, లోపమా?

లాకుల వారబ్బాయి:
అమలాపురం వైపు షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు వీధి పోరాటం సీను అనగానే రిడ్లీ స్కాట్ 2001లో తీసిన ఈ సినిమానే ముందు పెట్టుకు కూర్చుంటున్నారు. పాఠానికి పనికొచ్చే సినిమా కాదండి అది. హెలికాప్టర్ కూలాక ఎవడు ఏ సందులో ఉన్నాడో అంతు చిక్కదు. అందరిదీ ఒకటే గుండు తల, ఒకటే దుమ్ము. పోల్చుకోడానికి హెల్మెట్ల మీద పేర్లు రాయాల్సొచ్చింది. నిజంగా జరిగిన ఆ పోరాటంలో రేంజర్లు, అంటే అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళం వాళ్ళు, అలా రాసుకోలేదు.

ఎడిటింగ్ బల్ల:
ఆయ్, పుస్తకంలోని 100 మందిని 39 పాత్రలకి కుదించినా ఆ తిప్పలు తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ వరస చూడండి. 1993 అక్టోబర్ 3, సోమాలియా రాజధాని మొగదిషు. పట్టుకోవాల్సిన భవనానికి నాలుగు మూలలా నాలుగు రేంజర్ దళాలు తాడు పట్టుకు దిగాలి. ఆ చతురస్రాన్ని మనకి ముందే చూపించి, తర్వాత చెడగొడతాడు. కాన్వాయ్ దారి తప్పిన ఘట్టమే తీసుకోండి. పైనుంచి నేవీ వాళ్ళ నిఘా విమానం ఒరాయన్ చూసిన దారి నేరుగా కిందకి రాదు, కమాండ్ కేంద్రం మీదుగా చేతులు మారి వస్తుంది. పాలకొల్లు సందుల్లో కొత్త లారీ డ్రైవరుకి ఫోన్లో దారి చెప్పినట్టే, ‘ఎడమకి’ అనేసరికి మలుపు వెనకపడిపోతుంది. పైవాడి తెర, కిందవాడి స్టీరింగు మార్చి మార్చి చూపించాడు గనక సైనికుడు తికమకపడినా మనం పడం. ఎడిటింగ్‌కి ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు.

గట్టు మీద గీత:
గురువుగారూ, ‘మనం’ అంటే ఎవరండీ? ఆఖర్న వచ్చే అక్షరాలే సోమాలీలు వెయ్యిమందికి పైగా, అమెరికన్లు 19 మంది పోయారంటాయి. ఆ వెయ్యిలో మనకి గుర్తుండే మొహాలు ఎన్ని? విడిపించడానికి మలేసియా వాళ్ళ కాండర్ కవచ బళ్ళు, పాకిస్తాన్ ట్యాంకులు వెళ్ళాయి. ఒక మలేసియా సైనికుడు చనిపోయాడు కూడా. సినిమాలో వాళ్ళు అలా కనపడి ఇలా పోతారు. చివరి పరుగూ అంతే. నిజానికి నేషనల్ స్ట్రీట్ దాకా పరిగెత్తి అక్కడ బళ్ళెక్కారు. తెర మీద ఏకంగా స్టేడియం దాకా పరిగెత్తించారు.

ఎడిటింగ్ బల్ల:
అందులో మీతో పేచీ లేదండి. అది ఎవరి కథ చెప్పాలన్న తగువు, నాది ఎలా చెప్పాలన్నది. కుర్రాళ్ళు నేర్చుకోవాల్సింది శబ్దం. ఏకే తుపాకీ తూటా ధ్వనికంటే వేగంగా వస్తుంది, అందుకే ముందు చెవి పక్కన ‘ఛట్’మంటుంది, తుపాకీ ‘ధబ్’ తర్వాత. 300 మీటర్ల దూరానికి తేడా సుమారు మూడో వంతు సెకను, అంటే సెకనుకి 24 ఫ్రేముల్లో 8. మనవాళ్ళు రెండూ ఒకేచోట అతికిస్తారు, దాంతో దూరం చచ్చిపోతుంది. ఇంకోటి, గదిలోంచి ఆర్‌పీజీ (భుజం మీంచి పేల్చే రాకెట్) పేల్చే షాట్లు మానండి. వెనక నుంచి తన్నే మంట గోడకి కొట్టి పేల్చినవాడి మీదకే వస్తుంది.

లాకుల వారబ్బాయి:
శబ్దం సరే. దిక్కు సంగతో? కోనసీమలో ఏ ప్రహరీ మీంచి చూసినా కొబ్బరిచెట్లే. చెట్టుని ఆనవాలు పెట్టుకుంటే సినిమా గోవిందా. నీళ్ళ ట్యాంకో గాలిగోపురమో ఒకటి ఎంచుకుని ప్రతి మూడు నాలుగు షాట్లకీ వెనకాల పడేలా చూడాలి. శత్రువు తెర ఎడమనుంచి కాలుస్తుంటే ఆ సీను మొత్తం ఎడమే. రెండు పక్షాల మధ్య ఊహించుకునే గీతకి కెమెరా ఒకే వైపు ఉండాలన్నమాట. మీ స్కాట్‌గారు ఆ గీత ఎన్నిసార్లు దాటాడో లెక్కపెట్టి చూడండి.

గట్టు మీద గీత:
దాటాడు. చుట్టుముట్టారని తెలియాలంటే దాటాలి మరి. కాకపోతే ముందు ఆ గీత గీసిపెట్టాలి, మన కుర్రాళ్ళు ఎగరగొట్టేది అదే.

ఎడిటింగ్ బల్ల:
ఆ కుదుపుల కదలిక కోసం కెమెరా షట్టర్ 1/200 సెకనుకి పెట్టేవాళ్ళకి చిన్న మాట. పగలు పర్లేదు. రాత్రి పాత చోకు ట్యూబులైట్ల కింద అదే పెడితే తెర మీద చారలు పాకుతాయి, మన కరెంటుకి 1/50 గానీ 1/100 గానీ ఉంచండి. బొమ్మ తుపాకులే అయినా సందులోకి దిగేముందు స్టేషన్లో చెప్పి కాగితం తీసుకోండి.