వాడిన ఎలక్ట్రిక్ కారు: బ్యాటరీని, బండి పూర్వచరిత్రను ఎలా పరీక్షించుకోవాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నా ఉద్యోగం నెల్లూరులో కావడం వల్ల రానూ పోనూ రోజుకు సుమారు నూట పది కిలోమీటర్లు జాతీయ రహదారి మీద తిరగవలసి వస్తోంది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక, 2021లో రిజిస్టరైన టాటా నెక్సాన్ ఈవీ ఒకటి బేరం చేస్తున్నాను. దాని బ్యాటరీ సామర్థ్యం 30.2 కిలోవాట్ అవర్లు, అంటే 30.2 యూనిట్లు. బండి ప్రస్తుతం విజయవాడలో ఉంది. పూర్తిగా ఛార్జి పెడితే 240 కిలోమీటర్లు చూపిస్తుందనీ, బ్యాటరీకి ఢోకా లేదనీ అమ్మే ఆయన గట్టిగా చెబుతున్నారు. పెట్రోలు బండి అయితే పొగ చూసి, ఇంజను చప్పుడు విని మా మెకానిక్ ఏదో ఒక మాట తేల్చి చెప్పేవారు. ఈ బండి బానెట్ ఎత్తి చూసి ఆయనే చేతులెత్తేశారు. అడ్వాన్సు ఇచ్చే ముందు నేను స్వయంగా ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు నుంచి)

ముందుగా ఆ 240 అనే అంకెను పక్కన పెట్టండి. డాష్‌బోర్డు మీద కనిపించేది బ్యాటరీ ఆరోగ్యం కాదు, ఇటీవల బండిని ఎలా నడిపారో దాన్ని బట్టి కారు వేసుకునే అంచనా మాత్రమే. అమ్మకానికి పెట్టే ముందు నాలుగు రోజులు ఏసీ వేయకుండా ఊళ్లోనే నెమ్మదిగా తిప్పితే ఆ అంకె దానంతట అదే పెరుగుతుంది. ఓడోమీటరు కూడా సగం కథే చెబుతుంది, ఎందుకంటే బ్యాటరీ తిరగడం వల్లనే కాదు, నిండుగా ఛార్జి పెట్టి ఎండలో నిలబెట్టడం వల్ల కూడా అరుగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నీడలేని చోట నిలిచిన బండికీ, షెడ్డులో ఉన్న బండికీ తేడా తప్పకుండా ఉంటుంది.

అసలు సామర్థ్యం తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. అమ్మే వారి ఇంటి కరెంటు మీటరు చాలు. బండిని ఒకసారి నూరు శాతం ఛార్జి చేయించి, ఇరవై శాతానికి వచ్చేదాకా నడిపి, మీటరు రీడింగు ఫోటో తీసుకుని, 15 ఆంపియర్ల సాకెట్టు నుంచి రాత్రంతా ఛార్జి పెట్టి, నూరు శాతం కాగానే మళ్లీ రీడింగు తీసుకోండి. కొత్త బ్యాటరీలో ఎనభై శాతం అంటే సుమారు 24 యూనిట్లు. ఛార్జింగులో పది శాతం దాకా వేడి రూపంలో పోతుంది కనుక మీటరు మీద దాదాపు 27 యూనిట్లు తిరగాలి. 23 మాత్రమే తిరిగాయనుకోండి, బ్యాటరీలోకి చేరినవి 20.7. ఆ లెక్కన మొత్తం సామర్థ్యం 26 యూనిట్లకు కాస్త తక్కువ, అంటే కొత్తదానితో పోలిస్తే సుమారు 86 శాతం. ఆ రాత్రి ఇంట్లో తిరిగిన ఫ్యాన్లు, ఫ్రిజ్ వాడకాన్ని తీసివేయడం మరచిపోవద్దు. అంత తంటా ఎందుకనుకుంటే సాకెట్టుకే తగిలించే 16 ఆంపియర్ల చిన్న మీటరు దొరుకుతుంది. ఈ లెక్క రెండు మూడు శాతం అటూ ఇటూ అయినా, మాటల కంటే నయం.

ముందు నూరు శాతం చేయించమనడానికి కారణం ఉంది. ఈ బండిలో ఉండే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలలో ఛార్జి తగ్గుతున్నా వోల్టేజీ పెద్దగా మారదు కనుక, చాలాకాలం నిండుగా ఛార్జి చేయని బండిలో శాతం లెక్కే గాడి తప్పుతుంది. ఇరవై శాతం కంటే కిందికి నడిపినప్పుడు పదిహేను నుంచి అయిదుకు ఒక్క ఉదుటున పడిపోతే మాత్రం ఏదో ఒక సెల్ బలహీనపడిందని అనుమానించాలి. ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటరులోని సమాచారం చదివే సాకెట్టుకు) చిన్న పరికరం తగిలించి, ఫోనులో అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వోల్టేజీ ఉన్న సెల్స్ మధ్య తేడా ఎంతో చూసేవారు దొరికితే వెంట తీసుకువెళ్లండి.

86 శాతం వచ్చినా మీరు భయపడవలసిన పని లేదు. రహదారి మీద కిలోమీటరుకు 150 వాట్ అవర్ల (0.15 యూనిట్ల) చొప్పున లెక్కవేసినా 170 కిలోమీటర్లు వస్తుంది. మీ నూట పదికి అది ధారాళంగా సరిపోతుంది. ఆ తరుగును ధరలో అడగండి.

జవాబు 2 (నెల్లూరు నుంచి)

పై లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ బండి విజయవాడది అన్నారు కనుక, నేనైతే బ్యాటరీ శాతం కంటే ముందు నీటి సంగతి చూస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. 2021 నవంబరులో పెన్నా వరద చూసిన మనకు ఆ నీరు బండిని ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. విజయవాడ బండ్లన్నీ మునిగినవేనని నేను అనడం లేదు. అయితే ఐపీ67 బ్యాటరీ కాబట్టి నీరు చేరదని ఎవరైనా అంటే, ఆ ప్రమాణం అర్థం ఒక మీటరు లోతులో అరగంట మాత్రమేనని గుర్తుంచుకోండి. రోజుల తరబడి బురదలో నిలిచిన బండికి అది హామీ కాదు. కనెక్టర్లలోకి చేరిన తడి చాలా నెలల తర్వాత ఇన్సులేషన్ లోపంగా బయటపడవచ్చు.

సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. పైభాగం ఎంత శుభ్రంగా కడిగినా, చుట్టలో ఎప్పుడూ లోపలే ఉండే చివరి జానెడు పట్టీ మీద బురద గీత నిలిచిపోతుంది. సీట్ల కింది పట్టాల బోల్టులకు తుప్పు, ఫ్యూజ్ బాక్సు పిన్నులకు పచ్చని చిలుము, కార్పెట్టు ఎత్తితే ముక్క వాసన ఉంటే ఇక ఆ బండి ఊసెత్తవద్దు. లిఫ్టు మీదికి ఎక్కించి బ్యాటరీ పెట్టె అడుగున సొట్టలు, లోతైన గీతలు ఉన్నాయేమో కూడా చూడండి. ఇది వరద బండ్లకే కాదు, ఉప్పుగాలి తగిలే మైపాడు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లకూ అవసరమే.

కాగితాలలో ఇన్సూరెన్స్ పాలసీ పాతవి, కొత్తవి అన్నీ అడగండి. క్లెయిము చేయని యజమానికి నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏటేటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 2024 పాలసీలో 35 ఉండి, ఆ తర్వాతి పాలసీలో యజమాని మారకుండానే సున్నా ఉంటే, మధ్యలో ఏం జరిగిందో అమ్మేవారే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీటరు పరీక్షకు ఆయన ఒప్పుకున్నారు. పాత పాలసీలు మాత్రం వెతకాలన్నారు. బండి మీద బ్యాంకు రుణం ఇంకా ఉందట. వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందా?

జవాబు 3 (కందుకూరు నుంచి)

వెతకాలన్న పాలసీలు దొరికేదాకా మీరూ అడ్వాన్సు కోసం వెతుకుతున్నానని చెప్పండి. ఈ మోడలు బ్యాటరీకి, మోటారుకు వారంటీ మొదట అమ్మిన తేదీ నుంచి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటే మీ బండికి 2029 దాకా ఉండాలి. అయితే సర్వీసు సకాలంలో జరగకపోయినా, నీట మునిగినా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. కనుక ఛాసిస్ నంబరుతో అధికారిక సర్వీసు సెంటరులో పాత రికార్డు తీయించి, మిగిలిన వారంటీ మీ పేరు మీద కొనసాగుతుందని రాతపూర్వకంగా తీసుకోండి.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని పేరు, రుణం ఇచ్చిన సంస్థ పేరు చూడండి. అప్పు తీరినట్టు బ్యాంకు లేఖ, ఆర్సీ నుంచి రుణం తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇచ్చి, బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. చలానాలు పెండింగులో ఉన్నాయేమో అప్పుడే చూడండి. సొంత బండికి పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. పాత ఫోటోలలో పసుపు అక్షరాలు కనిపిస్తే అది టాక్సీగా తిరిగి, రోజూ ఫాస్ట్ ఛార్జింగు చేసుకున్న బండి కావచ్చు.

బండి ఇంటికి తెచ్చే ముందే ఎలక్ట్రీషియనుతో మీ ఇంటి ఎర్తింగు సరిచూపించుకోండి. ఎర్తు బాగాలేకపోతే ఛార్జరు ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది, మీరు నింద బండి మీద వేస్తారు. తాళాలు అందుకునేటప్పుడు పాత యజమాని ఫోనులోని కారు యాప్ నుంచి ఆ బండిని మీ ఎదుటే తీయించి, అద్దం మీది ఫాస్టాగ్‌ను కూడా ఆయన చేతనే మూయించండి.