చర్చికి వెబ్‌సైట్ కావాలా, ఫోన్ ఎత్తే మనిషి చాలా?

క్లాక్‌టవర్_కుర్రాడు
అందరికీ వందనాలు. మాది నల్లగొండలో ఓ మోస్తరు సంఘం. వెబ్‌సైట్ పెడదామని యూత్ తరఫున అడిగితే కమిటీ రెండుగా చీలింది. మెడికల్ కాలేజీకి, ఎంజీ యూనివర్సిటీకి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, వాళ్లకు మా గల్లీ ఎట్లా తెలుస్తుంది? పోయిన నెల ఒక కేరళ నర్సు గూగుల్ మ్యాప్‌లో టైం చూసుకుని ఎనిమిదింటికే వచ్చి గేటు ముందు ముప్పావు గంట నిలబడిందట. మేం తాళం తీసేదే తొమ్మిదింటికి. మళ్లీ రాలేదు. మీ దగ్గర ఏం చేస్తున్నారు?

పాత_సంఘపెద్ద
బాబూ, 1890ల్లో మిషనరీలు నల్లగొండకు వచ్చినప్పుడు ఏ మ్యాప్ ఉంది? ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగారు. ఇటు పాలమూరులో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ వాళ్లు దవాఖానాలు పెట్టి రోగుల పక్కన కూర్చున్నారు. జనం అట్లా దగ్గరయ్యారు. ఇప్పుడు ఇంటికి పోయి పలకరించడానికి బద్ధకం, అందుకే వెబ్‌సైట్. అయినా టైం ఎంతని రాస్తారు? 9:30 అని రాస్తే పదింటికి వస్తారు. పది అని రాస్తే పదిన్నరకు.

పానగల్_చెరువు
మా దగ్గర పాస్టర్ గారే పదింపావుకు వస్తారు 😄

జడ్చర్ల_అక్క
పెద్దాయనా, పలకరించొద్దని ఎవరన్నారు? కొత్త మనిషి గేటు దాకా వస్తేనే కదా పలకరింపు. పెళ్లయిన కొత్తలో మా ఆయనతో మొదటిసారి చర్చికి పోయినప్పుడు నా టెన్షన్ ఏంటో తెలుసా? చెప్పులు ఎక్కడ విడవాలి, ఆడవాళ్లు ఏ పక్క కూర్చుంటారు, చెంగు తల మీదికి లాక్కోవాలా, కానుకల సంచి ముందుకొస్తే వెయ్యకపోతే తప్పా. ప్రభువు బల్ల అన్నారు, రొట్టె తీసుకోవడానికి అందరూ లేస్తుంటే నేనూ లేచి నిలబడ్డా. వెనకామె కొంగు పట్టి కూర్చోబెట్టింది. బాప్తిస్మం తీసుకోనివాళ్లు ఆ రొట్టె తీసుకోరని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ‘మొదటిసారి వస్తున్నారా’ అని ఒక పేజీ పెట్టి ఇవన్నీ రాస్తే చాలు. పాస్టర్ గారి ఫొటో కాదు, గేటు ఫొటో పెట్టండి. ఫోన్ ఎత్తే మనిషి నంబర్ పెట్టండి.

పాత_సంఘపెద్ద
అవన్నీ సరే. టైం సంగతి చెప్పలేదు.

హైదరాబాద్_రిటర్న్
గూగుల్ మ్యాప్‌లో టైం సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. ముందు అది చేయండి. లాక్‌డౌన్‌లో మా సంఘం యూట్యూబ్ ఛానెల్ పెట్టింది, తర్వాత నడిపేవాడు లేడు. ఇప్పటికీ అందులో 2021 ఈస్టరే పైన కనబడుతుంది. వెబ్‌సైట్ కూడా అంతే అవుతుంది.

కొత్తగా_వచ్చా
నేను నల్లగొండకు కొత్త. ఇంతకీ ఆదివారం ఎన్నింటికి?

దేవరకొండ_రోడ్డు
టైం, చెప్పులు, గేటు... అసలు మాట ఎవరూ ఎత్తట్లేదు. మా తమ్ముడు ఫ్రెండ్ బాప్తిస్మానికి చూడడానికి పోయాడు. తొట్టి గట్టు మీద తువ్వాల పట్టుకుని నిలబడ్డాడు, అంతే. ఆ ఫొటో ఆ చర్చి వెబ్‌సైట్‌లో ‘కొత్త ఆత్మలు – 7’ అని, అంటే కొత్తగా మతంలోకి వచ్చినవాళ్లని, ఎక్కింది. మేం ఎస్సీ. ఉద్యోగం వచ్చాక, మా ఊళ్లో గిట్టనివాడు దాన్ని ప్రింట్ తీసి, వీడు మతం మారాడు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఫిర్యాదు పెట్టాడు. ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగాం. తీసెయ్యమంటే ఆ సంఘంవాళ్లు ‘సాక్ష్యం దాచొద్దు’ అన్నారు.

పాత_సంఘపెద్ద
అమ్మా, విశ్వాసి సిగ్గుపడతాడా?

దేవరకొండ_రోడ్డు
వాడు విశ్వాసే కాదంటున్నా! ఒకవేళ అయినా చెప్పుకోవాల్సింది వాడు. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోతే ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సీలో వేస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. ఎవరి బతుకు దాని మీద ఆగిందో మీకు తెలియదా? తెలిసే లెక్కలు పెడతారు. ఆ ఫొటోలు కొత్తవాళ్ల కోసం కాదు, కానుకలు పంపేవాళ్లకు చూపించడానికి.

పాత_సంఘపెద్ద
అందరినీ ఒకే గాట కట్టకండి. మా సంఘానికి బయటినుంచి పైసా రాదు.

జడ్చర్ల_అక్క
అయితే ఆ లెక్క ఎవరికి చూపిస్తున్నట్టు పెద్దాయనా? పక్క సంఘంవాళ్లకా?

పాత_సంఘపెద్ద
...మా పక్క సంఘంవాళ్లు ఏటా పోస్టర్ వేస్తారు, ఇంతమంది అని. మా పిల్లలు మనమూ వేద్దామంటే నేనే సరేనన్నా. అప్పుడు ఇదంతా తోచలేదు. కానీ ఫొటోలే వద్దంటే సంఘం ఉన్నట్టు ఎట్లా తెలుస్తుంది?

దేవరకొండ_రోడ్డు
భవనం ఫొటో పెట్టండి. క్రిస్మస్ స్టార్ పెట్టండి. మనిషి మొహం పెట్టేముందు మనిషిని అడగండి.

క్లాక్‌టవర్_కుర్రాడు
అక్కా, నిజం చెబుతా. మేం తయారుచేసిన పేజీలో 41 ఫొటోలున్నాయి. ఎవర్నీ అడగలేదు. అందులో ఇద్దరు హాస్టల్ పిల్లలు, వాళ్ల ఇంట్లో చర్చికి వస్తున్నట్టే తెలియదు. ఇప్పుడే తీసేస్తున్నా. గేటు ఫొటో, అక్క చెప్పిన పేజీ మాత్రం ఉంచుతా. @కొత్తగా_వచ్చా, మా దగ్గర 9:30, మెసేజ్ పెట్టండి, గేటు దగ్గర నేనుంటా.

పాత_సంఘపెద్ద
పది అని చెప్పు.