కరోనా కాలంలో బడులు అంతకాలం మూయడం సబబేనా? – కర్నూలు జిల్లా అనుభవంపై చర్చ

ఆలూరు రైతు:
మా అన్న కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న పురుగుమందు డబ్బా మీది సూచనలు చదివి చెప్పమన్నాను. గుణింతాలన్నీ చక్కగా చదివింది కాని, ఒత్తు వచ్చిన ప్రతిచోటా దానిని వదిలేసి ముందుకు పోయింది. ‘మొక్కకు’ అన్నది ‘మొకకు’ అయింది, ‘విస్తీర్ణం’ దగ్గర పూర్తిగా ఆగిపోయింది. లెక్క వేసి చూస్తే, 2020 మార్చి 19న మన రాష్ట్రంలో బడులు మూతపడే నాటికి ఆ పిల్ల రెండో తరగతిలో ఉంది. మళ్ళీ ప్రాథమిక తరగతులు తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20 నుంచి మరల మూత. ఆగస్టు 16న మరల తెరవడం. అంటే సుమారు పదిహేడు నెలలలో ఆ పిల్ల బడిమెట్టు ఎక్కింది రెండున్నర నెలలు మాత్రమే. వేసవి సెలవులు తీసివేసినా ఇది చిన్న లోటు కాదు. పెద్దలను కాపాడుకోవడానికి పిల్లల చదువును ఇంతగా పణం పెట్టవలసిన అవసరం నిజంగా ఉండిందా అని తెలిసినవారిని అడగదలచుకున్నాను.

కర్నూలు నర్సు:
ఈ ప్రశ్నను ఇప్పుడు అడగడం తేలిక. 2020 ఏప్రిల్ చివరి వారంలో రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా ఎక్కువ కేసులు మన జిల్లాలోనే ఉండేవి. నేను పనిచేసిన ఆస్పత్రి పేరు ఇక్కడ చెప్పను గాని, ఆ నెలలో మాకు వచ్చిన రోగులలో ఎక్కువమంది పాతబస్తీ సందులలో రెండు గదుల ఇండ్లలో మూడు తరాలు కలిసి ఉండేవారే. ఒక అవ్వ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరి దగ్గరనుంచి సోకి ఉంటుందని అడిగితే, ‘పిల్లోనికి జరమొచ్చె, పక్కలో పండుకోబెట్టుకుంటి, వాడు రెండురోజులకే లేసి ఆడుకునె, నేనే ఇట్లయితి’ అని చెప్పింది. పిల్లలకు ఏమీ కాదన్న మాట నిజమే అయినా, ఆ మాట దగ్గరే ఆగిపోతే ఆ అవ్వ లెక్కలోకి రాదు. దేశంలో టీకా మొదలైంది 2021 జనవరి 16న, అదీ ముందుగా వైద్య సిబ్బందికి. ఫిబ్రవరి 1న ఒకటో తరగతి గదిలో అడుగుపెట్టిన ఉపాధ్యాయులకు టీకా ఇంకా అందుబాటులోకి రాలేదు. రెండో ఉధృతిలో, 2021 మే నెలలో, ఆక్సిజన్ పడక కోసం వాకిట్లో వేచి ఉన్న మనుషులను చూసినవారెవరూ బడులు తెరిచి ఉంచవలసిందని అనరు.

కోసిగి మండల ఉపాధ్యాయుడు:
నర్సమ్మ గారి మాటలో మొదటి భాగాన్ని నేను కాదనను. 2020 మార్చిలో మూయవలసిందే. ఈ జబ్బు ఎలా నడుస్తుందో అప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. నా అభ్యంతరం మూయడం మీద కాదు, తెరిచిన వరుస మీద. దానిని వివరించాలంటే మా పడమటి మండలాల సంగతి కొంచెం చెప్పాలి.

మా ఊళ్ళలో సుగ్గికి పోవడం అంటే తెలియనివారు ఉండరు. మిగతా జిల్లాల మిత్రుల కోసం చెబుతున్నాను. వానలు సరిగా లేని చోట ఖరీఫ్ పంట ఇంటికి వచ్చిన తరువాత చేయడానికి పని ఉండదు కనుక, దీపావళి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని పత్తి తీతకు తెలంగాణ వైపు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళతాయి. ఉగాదికో ఆ తరువాతో తిరిగి వస్తాయి. ఇంటికి తాళం, గడపకు ముళ్ళకంప. వెనుక మిగిలేది నడవలేని ముసలివాళ్ళు. పిల్లలను కూడా వెంట తీసుకుపోకుండా ఆపేది బడి ఒక్కటే. బడికి తోడు సీజనల్ హాస్టల్ ఉంటుంది. తల్లిదండ్రులు లేని ఆ నాలుగైదు నెలలు పిల్లలకు అక్కడే రెండుపూటలా తిండి, పడక. ‘మీరు పోండి, పిల్లను మేము చూసుకుంటాం’ అని నేను ఒక తల్లికి ధైర్యంగా చెప్పగలిగానంటే ఆ హాస్టల్ ఉందన్న భరోసాతోనే.

ఇప్పుడు 2020ని చూడండి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. ఆ తరువాత ఎనిమిది, ఏడు, ఆరు. ఒకటి నుంచి అయిదు తరగతులు అన్నిటికన్నా చివర, ఫిబ్రవరిలో. పరీక్షలు ఉన్నవారికి ముందు అన్న ఆలోచన కర్నూలు పట్టణంలో కూర్చుంటే న్యాయంగానే కనిపిస్తుంది. ఆ ఏడాది దీపావళి నవంబరు 14. మా ఊరి రచ్చకట్ట దగ్గరకు కూలీలను కుదుర్చుకొనే మేస్త్రీ పంపిన వాహనం వచ్చేనాటికి మా బడికి తాళం, హాస్టల్‌కు తాళం. పిల్లలను ఎవరి దగ్గర వదిలి పోవాలి? మూటలతో పాటు పిల్లలనూ ఎక్కించుకున్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఆపడానికి నా దగ్గర మాట లేదు. ఫిబ్రవరి 1న హాజరుపట్టీ తెరిస్తే 41 పేర్లకు 17 మంది పలికారు. మిగిలినవాళ్ళు మిరప చేలల్లో ఉన్నారు. వాళ్ళు ఉగాదికి తిరిగి వచ్చి వారం గడిచిందో లేదో, ఏప్రిల్ 20న మరల మూసేశారు. అంటే ఆలూరు రైతు గారు చెప్పిన ఆ రెండున్నర నెలలు కూడా మా పిల్లలకు దక్కలేదు. మా ఊరికి సంబంధించినంతవరకు బడి తెరవవలసిన అసలు గడువు దీపావళి. ఆ విషయం ఉత్తర్వులు రాసినవారికి తట్టలేదు.

ఇక దూరవిద్య సంగతి. దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పాఠాలు వచ్చిన మాట నిజమే, పదో తరగతి వారికి అవి కొంత పనికివచ్చాయి. రెండో తరగతి పిల్లకు ఒత్తులు మాత్రం టీవీలో రావు. పలక మీద మనం ‘క్క’ రాసి, పిల్ల చేత పలికించి, తప్పు రాస్తే చేయి పట్టి దిద్దించాలి. మూడో తరగతికి వచ్చేసరికి పుస్తకం ఒత్తులు వచ్చని అనుకొనే నడుస్తుంది, ఎవరూ ఆగి మళ్ళీ నేర్పరు. మీ అన్న కూతురు ఆగింది సరిగ్గా అక్కడే.

నంద్యాల లెక్కలాయన:
ఇద్దరూ చెప్పినవాటికి కొన్ని అంకెలు జోడిస్తాను. 2020 నవంబరులో ఉన్నత పాఠశాలలు తెరిచిన మూడు రోజులకే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కరోనా సోకిందని పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చింది. బడికి వచ్చిన విద్యార్థులు దాదాపు 4 లక్షల మంది అన్నది చిన్న అక్షరాలలో ఉండిపోయింది. అంటే నూటికి 0.1 కూడా కాదు. పైగా మూడు రోజులలో బయటపడిన జబ్బు బడిలో అంటినది అనడం కన్నా ఇంటినుంచి వచ్చినది అనడమే న్యాయం. అయితే అవే అంకెలు నర్సమ్మ గారి పక్షాన కూడా మాట్లాడతాయి. ఆ రోజులలో విధులకు వచ్చిన ఉపాధ్యాయులు లక్షకు కొంచెం తక్కువ. వారిలో 160 అంటే పిల్లల కన్నా రెట్టింపుకు మించిన నిష్పత్తి.

చదువు విషయానికి వస్తే, పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో పల్లెలలో ఇంటింటికీ వెళ్ళి చూసే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం మన రాష్ట్ర గ్రామాలలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. దేశమంతటా చూస్తే ఇది 27.3 నుంచి 20.5కు పడింది. మనం పడింది ఎక్కువ, పైగా పడకముందే కింద ఉన్నాం. 2018 నాటి 22.6ను కూడా కరోనా ఖాతాలో రాయలేము కదా.

మరొకటి. 2021 జూన్, జులైలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన నాలుగో సీరో సర్వేలో, అంటే జబ్బు ఎందరికి సోకి పోయిందో రక్తపరీక్షతో చూసే సర్వేలో, 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలలో సగానికి పైగా ప్రతిరక్షకాలు కనిపించాయి. బడులు మూసి ఉండగానే అంతమందికి సోకింది. తెరవదలిస్తే ముందుగా ప్రాథమిక పాఠశాలలే తెరవడం మేలని ఆ జులైలోనే ఐసీఎంఆర్ అప్పటి అధిపతి బలరామ్ భార్గవ చెప్పారు. మనం చేసింది దానికి తలకిందులు. స్వీడన్ అయితే 2020లో పదహారేళ్ళ లోపు పిల్లల బడులు మూయనే లేదు.

కర్నూలు నర్సు:
స్వీడన్‌ను మనకు పోల్చకండి. అక్కడ మనుమడు, అవ్వ ఒకే చాపమీద పడుకోరు. సీరో సర్వే మాట కూడా నిదానంగా చూడాలి. అన్ని లక్షల మంది పిల్లలకు డెల్టా రకం వైరస్ తెచ్చిన ఆ రెండో ఉధృతిలో సోకినప్పుడు బడులు కూడా తెరిచి ఉంటే, అదే వ్యాప్తి ఇంకా తక్కువ రోజులలో జరిగేది. మాకు పడకలు చాలనిది అప్పుడే. జబ్బు ఎంతమందికి వచ్చిందన్నది ఒక లెక్క, ఒకేసారి ఎంతమందికి వచ్చిందన్నది మరొక లెక్క. ఆస్పత్రి మునిగేది రెండోదానితోనే. 2021 ఏప్రిల్ మూత మీద నేను ఒక్క మెట్టు కూడా దిగను.

కాని ఉపాధ్యాయుడు గారు చెప్పిన దీపావళి సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదని ఒప్పుకుంటాను. 2020 అక్టోబరు, నవంబరులలో మా వార్డులో పడకలు ఖాళీ అవుతూ వచ్చాయి. అప్పుడు చిన్న బడులు తెరిచి ఉంటే మేము తట్టుకోగలిగేవాళ్ళమేమో.

డోన్ ప్రైవేటు టీచర్:
ప్రభుత్వ బడుల గురించే మాట్లాడుతున్నారు గనుక ఒక్క మాట. మూత పడిన నెల నుంచి మా యాజమాన్యం జీతం ఆపింది. నేను ఎమ్మెస్సీ చదివి ఉపాధి హామీ పనికి పోయి కందకాలు తవ్వాను. మరల తెరిచాక ముగ్గురు సహోద్యోగులు ఈ వృత్తికి తిరిగి రాలేదు. పిల్లల నష్టం లెక్కలో వాళ్ళకు నేర్పేవాళ్ళు పోవడం కూడా వేయండి.

ఆలూరు రైతు:
అందరికీ నమస్కారం. అయితే 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు పక్క రాష్ట్రం తెలంగాణ సెలవులు 30వ తేదీ దాకా పొడిగిస్తే, మనవాళ్ళు సంక్రాంతి కాగానే 17న బడులు తెరిచారు. అప్పుడు నేను కూడా తిట్టినవాళ్ళలో ఒకడిని.

కోసిగి మండల ఉపాధ్యాయుడు:
ఆ రోజు మా ఊరిలోనూ తిట్టారు. అప్పటికి ఉపాధ్యాయులకు, ఇంటి పెద్దలకు టీకాలు పడి ఉన్నాయి కనుక నాకు ఆ నిర్ణయం తప్పుగా తోచలేదు. ఆ సంవత్సరం బడి, హాస్టల్ రెండూ సుగ్గికి ముందే తెరిచి ఉన్నాయి. అంతకు ముందు ఏడాది చేలకు పోయిన పిల్లలలో చాలామంది ఈసారి పోకుండా బడిలోనే ఆగిపోయారు, అందరూ కాదు. నలుగురు ఆడపిల్లలు అప్పటికే కోతకు అలవాటుపడి, రోజుకూలి తెచ్చే చేతులు అయిపోయారు. ఇంటివాళ్ళు వాళ్ళను వదలలేదు.

రైతు గారూ, మీ అన్న కూతురికి ఎనిమిదో తరగతి పుస్తకం పక్కన పెట్టి, రెండో తరగతి తెలుగు వాచకం ఇప్పించండి. రోజుకు ఒక ఒత్తు, పది మాటలు, పలక మీదే. చిన్నపిల్లల పుస్తకమని సిగ్గుపడుతుంది, కాబట్టి తమ్ముడికో చెల్లెలికో నేర్పమని చెప్పి చేతికివ్వండి. నేను మా బడిలో ఏడో తరగతి వాళ్ళకు అలాగే ఇస్తున్నాను.