పెళ్లి బరాత్‌లో డీజే పూర్తిగా బంద్ చేయాలా, పది గంటల రూల్ అమలైతే చాలా?

నాగోల్_నిద్రలేనివాడు:
మా ఇంటికి రెండు సందుల అవతల ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాలు మొదలైతే చాలు, రాత్రి పదకొండున్నరకి బరాత్ బయల్దేరుతుంది. డీసీఎం వ్యాన్ మీద బాక్సులు గోడలా పేరుస్తారు, వెనకాల జెనరేటర్, ముందు లేజర్ లైట్లు. అది మా సందు మొగ దగ్గరికి రాగానే షోకేస్ అద్దాలు గలగలమంటాయి, కింద పార్క్ చేసిన కార్ల అలారాలు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. మా అత్తగారికి గుండె ఆపరేషన్ అయింది, ఆవిడ మంచం మీద లేచి కూర్చుని చెవులు మూసుకుంటారు. 112కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వస్తుంది, కాసేపు తగ్గిస్తారు, బండి మలుపు తిరగ్గానే మళ్లీ షురూ. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు, పటాకులు వద్దని 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ సిటీ పోలీస్ కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు కదా, పెళ్లిళ్లకి కూడా అదే పెట్టి పడేయాలి. పగలు, రాత్రి అని లేకుండా. మీరేమంటారు?

తీన్‌మార్_తమ్ముడు:
అన్నా, పెళ్లి జీవితంలో ఒక్కసారి. ఆ ఒక్క రాత్రి సర్దుకుంటే ఏం పోతుంది? బరాత్‌లో డ్యాన్స్ లేకపోతే అది పెళ్లా, రిజిస్ట్రార్ ఆఫీసా?

అమ్మమ్మ_అకౌంట్:
నీకు ఒక్కసారే బాబూ. హాల్ పక్కన ఉన్నవాళ్లకి శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం. మధ్యలో రిసెప్షన్లు, పుట్టినరోజులు, శారీ ఫంక్షన్లు. మూఢం వచ్చిందంటే మాకు పండగ.

కోర్టు_పక్షి:
కొత్త నిషేధం అడిగే ముందు ఉన్న రూల్ ఏమిటో చూద్దాం. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. లౌడ్ స్పీకర్ పెట్టాలంటే పగలైనా సరే రాతపూర్వకంగా పర్మిషన్ కావాలి, ఇది చాలామందికి తెలియదు. పది దాటాక నాలుగు వైపులా మూసి ఉన్న హాల్ లోపల తప్ప పెట్టనే కూడదు. పన్నెండు దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కానీ, ఏడాదికి 15 రోజులు మించకూడదు, అదీ పండగలు, సాంస్కృతిక సందర్భాలకి మాత్రమే. మీ బావమరిది పెళ్లి ఎంత ఘనంగా చేసినా ఆ లిస్టులోకి రాదు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, రాత్రి పది తర్వాత మైకే కాదు, డప్పు కొట్టడం, బూర ఊదడం కూడా వద్దంది. అంటే పదకొండున్నర బరాత్ ఇప్పటికే చట్టవిరుద్ధం. ఉన్నదాన్నే పట్టించుకోనివాళ్లు కొత్తది తెస్తే పట్టించుకుంటారా?

సౌండ్_సర్వీస్:
నేను డీజే సెట్ నడిపేవాణ్ణి, తిట్టేముందు కొంచెం వినండి. సెట్ అప్పు తెచ్చి కొన్నాం. ముహూర్తం రాత్రి తొమ్మిదిన్నరకి, తలంబ్రాలు, ఫొటోలు, భోజనాలు అయ్యేసరికి పదకొండు, అప్పుడు బరాత్ తియ్యమంటారు. పది అయింది, ఆపేస్తానంటే బ్యాలెన్స్ ఇవ్వరు. పెళ్లికొడుకు దోస్తులు మిక్సర్ మీదికి వచ్చి "అన్నా బేస్ ఇయ్యి, ఇంకా ఇయ్యి" అని నిలబడతారు, ఇవ్వకపోతే వాళ్లే చెయ్యి పెట్టి లేపుతారు. పోలీసులు వస్తే ఎవర్ని పట్టుకుంటారు? నా యాంప్లిఫయర్లు, నా డ్రైవర్. సీజ్ అయిన సామాను కోర్టు నుంచి విడిపించుకునేదాకా వరసగా ముహూర్తాలు పోతాయి. అంతసేపూ హాల్ ఓనర్ గేటు దగ్గర నిలబడి చూస్తుంటాడు. అర్ధరాత్రి దాకా బుకింగ్ తీసుకున్నది వాడే, వాడి మీద కేసైనట్టు నా సర్వీసులో నేను చూడలేదు.

నాగోల్_నిద్రలేనివాడు:
మీ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆ బాక్సులు మీవే కదండీ. మొన్న మా బాల్కనీలో ఫోన్ యాప్‌తో చూస్తే 78 చూపించింది, పోలీసాయనకి చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.

మీటర్_మాస్టారు:
సౌండ్ కొలతలు నా ఉద్యోగంలో భాగం కాబట్టి ఇక్కడ రెండు ముక్కలు. ఫోన్ యాప్ సాక్ష్యంగా నిలబడదు, ఒక్కో ఫోన్ మైక్ ఒక్కో రకం. సరిగ్గా క్యాలిబ్రేట్ చేసిన మీటర్ కావాలి. డెసిబెల్స్‌ని మామూలు కూడికల్లా చూడకండి, పది పెరిగితే శబ్ద శక్తి పదింతలు. 45 ఉండాల్సిన చోట 75 ఉంటే వెయ్యింతలు.

అసలు విషయం వేరే ఉంది. రూల్‌లో ఉన్న డెసిబెల్స్ "ఏ వెయిటింగ్" లెక్క. మన చెవి బేస్‌ని తక్కువగా వింటుంది కాబట్టి మీటర్ కూడా బేస్‌ని తగ్గించి లెక్కేస్తుంది, 63 హెర్ట్జ్ దగ్గరైతే దాదాపు 26 డెసిబెల్స్ కోసేస్తుంది. డీజే బాక్సుల దమ్మంతా ఆ చుట్టుపక్కలే. అందుకే మీటర్ మీద అంకె మరీ ఘోరంగా కనపడదు, మీ ఇంట్లో మాత్రం అద్దాలు వణుకుతాయి, ఛాతీలో దబదబమంటుంది. పైగా సన్నటి శబ్దాన్ని గోడ, కిటికీ చాలావరకు ఆపుతాయి, బేస్‌ని ఆపలేవు. పాట వినపడదు, దెబ్బ ఒక్కటే లోపలికి వస్తుంది. కాబట్టి నన్నడిగితే డీజే మొత్తం వద్దనక్కర్లేదు, ఊరేగింపు బండి మీద బేస్ బాక్సులు వద్దంటే సగం గొడవ తీరుతుంది. బండి దగ్గరికొచ్చి చూస్తే చాలు, ఎవరైనా చెప్పొచ్చు బేస్ బాక్స్ ఉందో లేదో. దానికి మీటర్ కూడా అక్కర్లేదు.

ఏసీగార్డ్స్_మర్ఫా:
మాస్టారు మంచి పాయింట్ చెప్పారు. మా వైపు బరాత్ అంటే మర్ఫా. నిజాం ఫౌజులో పనిచేసిన సిద్దీలు, అరబ్బులు తెచ్చిన దరువు అది, మా గల్లీలో ఇప్పటికీ కొట్టేవాళ్లున్నారు. చప్పుడు తక్కువేం కాదు, దగ్గర నిలబడితే చెవులు గింగురుమంటాయి. కానీ సందు దాటితే తగ్గిపోతుంది, కొట్టేవాళ్ల చేతులు కూడా నొప్పి పుడతాయి, ఆగుతారు. జెనరేటర్‌కి చేతులు నొప్పి పుట్టవు. డీజేలు వచ్చాక బ్యాండ్ మేళాలకి, మర్ఫా వాళ్లకి గిరాకీ ఎంత పోయిందో ఎవరూ మాట్లాడరు.

కోర్టు_పక్షి:
పది లోపల అయితే మర్ఫా హాయిగా కొట్టుకోవచ్చు. పది తర్వాత అదీ వద్దు, పైన చెప్పాను.

చార్‌సౌ_బీస్:
బరాత్ సంగతి సరే, మరి తెల్లారగట్ల మైకుల సంగతేంటి? వాటి గురించి మాట్లాడే దమ్ముందా?

అమ్మమ్మ_అకౌంట్:
ఉంది నాయనా. గుడి మైకైనా, మసీదు మైకైనా, చర్చి మైకైనా ఆరు లోపల ఒకటే రూల్. 2000లోనే చర్చి మైకుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రార్థనకి మైకు తప్పనిసరని ఏ మతమూ చెప్పలేదని. నీకు కావాల్సింది ఒక్క మైకు గురించే అయితే వేరే చోట అడుగు, ఇక్కడ నిద్ర గురించి మాట్లాడుతున్నాం.

బస్తీ_బాల్కనీ:
నాకు వేరే అనుమానం. జూబ్లీహిల్స్‌లో పబ్బుల గోల మీద అక్కడి సంఘం హైకోర్టుకి పోయింది, 2022 సెప్టెంబర్‌లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మ్యూజిక్ వద్దని ఆర్డర్ తెచ్చుకుంది. అప్పీల్లో దాని పరిధి తగ్గింది కానీ, ఆర్డరైతే వచ్చింది. మా బస్తీలో రిట్ వేసేదెవరు? వకీలు ఫీజు అటుంచండి, కంప్లైంట్ ఇచ్చింది ఫలానావాడని పెళ్లివాళ్లకి తెలిస్తే తెల్లారి గేటు ముందు పదిమంది నిలబడతారు. 112కి ఫోన్ చేసినాక కాసేపటికే ఎవరో కింద నుంచి "ఎవడ్రా ఫోన్ చేసింది" అని అరిచిన రాత్రి ఉంది మా సందులో. కాబట్టి "రూల్ ఉంది కదా, కంప్లైంట్ ఇచ్చుకో" అనడం తేలిక. ఒంటరిగా ఫోన్ చేసేవాడి మీద ఆధారపడే రూల్ మా దగ్గర నడవదు. అందుకే నేను నాగోల్ అన్న వైపే, పూర్తి బంద్. డీసీఎం కనపడితే ఆపడమే, ఎవరూ కంప్లైంట్ ఇవ్వక్కర్లేదు.

తీన్‌మార్_తమ్ముడు:
పూర్తి బంద్ అంటే సాయంత్రం ఆరింటికి కూడా వద్దనా? మెయిన్ రోడ్డు మీద హార్న్‌ల ముందు డీజే ఎంత? ప్యారడైజ్ సర్కిల్లో ఐదు నిమిషాలు నిలబడండి. సైలెన్సర్ మార్చిన బుల్లెట్లకి పదివేల దాకా ఫైన్ ఉంది చట్టంలో, అయినా మా గల్లీలో రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. వాటిని వదిలేసి పెళ్లిళ్ల మీద పడతారు.

సౌండ్_సర్వీస్:
తమ్ముడూ, నాకు సపోర్ట్ చేస్తున్నావనుకుంటున్నావు కానీ నాకు కావాల్సింది అది కాదు. పది అంటే పది అని హాల్ బుకింగ్ కాగితం మీదే రాయించండి. బరాత్ తొమ్మిది దాటాక కదిలితే డిపాజిట్ పోతుందని రాస్తే చాలు, పెళ్లివాళ్లు వాళ్లంతట వాళ్లే పంతులుగారిని తొందరపెడతారు. అప్పుడు నేను ఆపేసినా బ్యాలెన్స్ ఎగ్గొట్టే సాకు ఉండదు. బేస్ బాక్సులు ఒక జత చాలని పైనుంచి ఆర్డరొస్తే మాకూ మంచిదే. ఇప్పుడు పక్కవాడు ఆరు పెడితే నేను ఎనిమిది పెట్టాలి, లేకపోతే బుకింగ్ రాదు. ఈ పోటీతో డీజిల్‌కే పోతున్నాయి డబ్బులు.

కోర్టు_పక్షి:
ఇది పనికొచ్చే మాట. పర్యావరణ చట్టం కింద జరిమానా 2024 ఏప్రిల్ నుంచి పదివేల నుంచి పదిహేను లక్షల దాకా మారింది. అది డ్రైవర్ మీద కాకుండా హాల్ మీద ఒక్కసారి పడితే చాలు, సిటీలో హాళ్లన్నీ తెల్లారేసరికి బోర్డులు పెడతాయి. పర్మిషన్ కాగితం లేకుండా బండి గేటు దాటకూడదని హాల్ మీద బాధ్యత పెట్టించాలి, బస్తీ అన్న చెప్పిన భయం కూడా అప్పుడు తగ్గుతుంది.

నాగోల్_నిద్రలేనివాడు:
పగలు కూడా వద్దన్నదే ఇప్పటికీ నా మాట, అత్తగారి గుండెకి పగలు రాత్రి తేడా తెలియదు. అయినా ముందు అయ్యే పని చూద్దాం. ఆదివారం కాలనీ మీటింగ్‌లో లెటర్ పెడతాను. ఎవరి పేరు మీద రాయాలి?

కోర్టు_పక్షి:
కాలనీ సంఘం పేరుతో రాయండి, ఏ ఒక్కరి సంతకమూ ముందు ఉండకుండా. హాల్ యాజమాన్యానికి ఒకటి, మీ ఏసీపీకి ఒకటి. శబ్ద నియమాలు అమలు చేసే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఇస్తారు, సిటీలో ఏసీపీ అంటే ఆ స్థాయే. ఏ తేదీల్లో ఎన్ని గంటలకి జరిగిందో రాయండి, వీడియో తీస్తే అందులో గడియారం కనపడాలి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.

సౌండ్_సర్వీస్:
అందులో జెనరేటర్ గురించి కూడా రాయండి సార్. సందుల్లో ఆపి ఉంచొద్దని.

తీన్‌మార్_తమ్ముడు:
మా అన్న పెళ్లి మాఘంలో, ముహూర్తం రాత్రి ఎనిమిదీ నలభైకి. ఇప్పుడు డీజే బుక్ చెయ్యాలా వద్దా చెప్పండి.

సౌండ్_సర్వీస్:
పెళ్లయ్యాక బరాత్ అంటే కుదరదు. పెళ్లికొడుకు వచ్చేటప్పుడే ఆరింటికి తియ్యండి, వస్తా. బేస్ ఒక జతే తెస్తా, మిక్సర్ దగ్గరికి ఎవరూ రావద్దు.